పూర్తి వాక్యం ఎవరి కోసం?

2022-23 నుంచి తెలంగాణ సర్కారు బడుల్లో 1 నుంచి 8 తరగతులకు ఇంగ్లీషు మీడియం వచ్చింది. దళితులు ఎన్నాళ్ళుగానో అడుగుతున్నదే. కానీ అడవి అంచున, భద్రాచలం దగ్గర, ఇంట్లో కోయ మాట్లాడే పిల్లకి తెలుగే రెండో భాష, ఇంగ్లీషు మూడోది. ఆ పిల్ల నోరు తెరవకముందే పూర్తి వాక్యం కావాలంటున్నాం. ‘తిన్నావా?’ అంటే ‘ఆఁ, ఇందాకే’ అంటాం గానీ ‘నేను భోజనము చేసితిని’ అంటామా? ఇంగ్లీషువాళ్ళూ అంతే. 1999లో వచ్చిన లాంగ్‌మన్ వ్యాకరణం, జనం నిజంగా మాట్లాడిన మాటల్ని లెక్కగట్టి, మాట తీరు వేరు, రాత తీరు వేరని చూపింది. అయినా ముక్కల్లో జవాబిస్తే నవ్వే స్పోకెన్ ఇంగ్లీషు క్లాసు, మన యాసని వెక్కిరించిన పాత తెలుగు క్లాసుకి చెల్లెలే. రాతకి నియమాలు మాకూ కావాలి, పరీక్షలు రాయాలిగా. మాట ముందు మాత్రం వాటిని కావలి పెట్టొద్దు.