పెంచిన తల్లి ఎక్కడ?

కంకిపాడు బందరు రోడ్డు మీది ఊరు. చుట్టూ వరిచేలు, కాలవలు. కొండ లేదు, అడవి లేదు. అయినా ఈ చుట్టుపక్కల యానాదులం ఉన్నాం, ఎరుకలవాళ్ళం ఉన్నాం, లంబాడీలం ఉన్నాం. చేలల్లో ఎలకలు పట్టి, కాలవల్లో చేపలు పట్టి, బుట్టలల్లి బతికిన వాళ్ళ పిల్లలం. రాజులూ రాక్షసులూ ఉన్న కథలంటే మాకు ప్రాణం. అట్టలూడిన చందమామల్లో దాసరి సుబ్రహ్మణ్యం సీరియళ్ళు చేతులు మార్చుకుని చదివినవాళ్ళం. ‘బాహుబలి’ని కూడా అదే ప్రేమతో చూశాం. కాబట్టి రెండో భాగం మీద మా అసంతృప్తి ఆ సినిమా గిట్టనివాళ్ళ మాట కాదు. ఇష్టపడినవాళ్ళ మాట.

2015 జూలై 10న వచ్చిన మొదటి భాగం మమ్మల్ని రెండు చోట్ల నిలబెట్టింది. ఒకటి తల్లి స్థానం. ఏట్లో కొట్టుకుపోతున్న శివగామి చేతిలోని బిడ్డను కాపాడింది జలపాతం కింద బతికే జనం. వాళ్ళలో సంగ అనే ఆవిడ ఆ బిడ్డకు తల్లయింది. బిడ్డ కోసం ఎవరూ రాకూడదని గుహదారి మూయించింది. కొండెక్కొద్దని మొత్తుకుంది, మొక్కుకుంది. ఆమె నీళ్ళు మోయడం చూడలేక కొడుకు శివలింగాన్నే భుజానికెత్తుకుని జలపాతం కింద పెట్టాడు. ఆ సన్నివేశంలో మా అమ్మలే కనిపించారు మాకు.

రెండోది శత్రు స్థానం. కాలకేయులు. ఒంటినిండా నలుపు పూసి, పళ్ళు పాడుచేసి, మనిషికీ మృగానికీ మధ్య ఎక్కడో నిలబెట్టిన జాతి. వాళ్ళ కోసం మదన్ కార్కీ 750 మాటలతో, 40 వ్యాకరణ సూత్రాలతో కిలికి అనే భాష కట్టాడు. ఆ శ్రమను మేం తక్కువ చేయం. కానీ తెరమీద ఆ భాషకున్న పని ఒక్కటే, భయపెట్టడం. మా ఇళ్ళల్లో ఎరుకల మాట ముసలివాళ్ళతోనే పోతుంటే, లేని జాతికి భాష పుట్టించి దాన్ని బూచిగా వాడారే అన్న బాధ మాది.

అయినా ఎదురుచూశాం. రెండేళ్ళపాటు ఊరూ వాడా కట్టప్ప బాహుబలిని ఎందుకు చంపాడని అడుగుతుంటే, మేం ఇంకో ప్రశ్న కూడా పట్టుకుని కూర్చున్నాం: కొడుకు రాజని తెలిశాక సంగ సంగతేమిటి?

2017 ఏప్రిల్ 28న జవాబు వచ్చింది. కట్టప్ప సంగతి తేలింది. సంగ సంగతి తేలలేదు. రెండున్నర గంటలు దాటిన కథలో ఆమె కనబడేది కొద్ది క్షణాలే. పాతికేళ్ళు సంకెళ్ళలో ఎదురుచూసిన దేవసేనకు న్యాయం జరిగింది, జరగాలి కూడా. కానీ ఆ పాతికేళ్ళూ అన్నం పెట్టిన తల్లికి ఒక మాటైనా దక్కాలి కదా. కన్నతల్లీ పెంచినతల్లీ ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకునే ఒక్క సన్నివేశం చాలు, ఈ కథ ఎత్తు పెరిగేది. చివరి యుద్ధంలో చెట్లను వంచి కోటలోకి ఎగిరిపడే ఉపాయముంది. అది అడవి నేర్పిన విద్య అని ఒక్క ముక్క అనిపిస్తే పోయేదేముంది? ఈ కథలో బలమంతా రాజరక్తానిదే. పెంపకానికి వాటా లేదు.

మంచి లేదని కాదు. కోట నుంచి గెంటేసిన అమరేంద్రుడు పేదజనం మధ్య వాళ్ళ పనిముట్లు బాగుచేస్తూ బతికిన భాగం మాకు నచ్చింది. తప్పుగా చెయ్యేసినవాడి వేళ్ళు నరికి, నిండుసభలో నదురూ బెదురూ లేకుండా నిలబడ్డ దేవసేన నచ్చింది. కానీ ఈ భాగానికీ ఒక దొంగజాతి కావలసివచ్చింది. కుంతల మీద రాత్రివేళ పడేవాళ్ళు పిండారీలట. పిండారీలు కల్పన కాదు. మరాఠా సైన్యాల వెంట తిరిగినవాళ్ళు, 1817-18 యుద్ధంలో ఇంగ్లీషువాళ్ళు అణచినవాళ్ళు. ఒక సమూహాన్ని మొత్తంగా దోపిడీకి మారుపేరు చేయడం ఎక్కడికి దారితీస్తుందో మాకు తెలుసు. 1871లో నేరస్థ జాతుల చట్టం వచ్చింది. 1911లో అది మద్రాసు రాజ్యానికీ పాకింది. ఎరుకలవాళ్ళను స్టువర్టుపురం లాంటి సెటిల్‌మెంట్లలో పెట్టి హాజరు వేయించుకున్నారు. 1952లో చట్టం పోయింది. చూపు పోలేదు. సినిమా చూసొచ్చిన పిల్లలు బడిలో ఎవర్ని కాలకేయుడని పిలుస్తారో వేరే చెప్పాలా?

కల్పిత కథ కదా, ఇంత పట్టింపెందుకంటారు. కల్పనలో చోటులేక కాదని చెప్పడానికి ఈ వరసలోనే సాక్ష్యముంది. రెండో భాగం రాకముందే ఆనంద్ నీలకంఠన్ ఈ కథకు పూర్వకథగా శివగామి మీద ఇంగ్లీషులో నవల రాశాడు. అందులో వైతాళికులనే జనం ఉన్నారు. గౌరీపర్వతం వాళ్ళ దేవత. మాహిష్మతి ఆ కొండను లాక్కుని, బానిస పిల్లలతో రాళ్ళు తవ్విస్తుంది. రాజ్యం బలమంతా ఆ రాళ్ళలోనే ఉంది. తిరగబడ్డవాళ్ళకు అక్కడ ఒక కారణముంది. బాక్సైట్ కోసం విశాఖ మన్యం మీద కన్నేసినవాళ్ళను చూసిన మనకు, షెడ్యూల్డు ప్రాంతపు భూమిని ప్రైవేటు కంపెనీల గనులకు ఇవ్వకూడదన్న 1997 సమతా తీర్పు తెలిసిన మనకు, అది వింతకథ అనిపించదు. అదే మాహిష్మతి. పుస్తకంలో దాని కత్తుల కింద ఒక కొండ కనబడింది. తెరమీద బంగారు విగ్రహం మాత్రమే కనబడింది.

2025 అక్టోబర్ 31న రెండు భాగాలనూ కలిపి కుదించి ఒకే సినిమాగా మళ్ళీ వదిలారు. జనం మళ్ళీ వెళ్ళారు, ఇంకా వెళతారు. మా పిల్లలూ వెళతారు. వెళ్ళొద్దని మేం అనం. చూసొచ్చాక వాళ్ళను ఒక్క మాట అడుగుదాం: పట్టాభిషేకం రోజున సంగ ఎక్కడ నిలబడింది? గుంపులో ఉందా? పక్కన ఉందా? ఆ జవాబు దగ్గర్నించి మన పిల్లలే ఇంకో కథ మొదలుపెట్టాలి. అందులో రాజు ఉన్నా సరే, కథ మాత్రం జలపాతం కిందనుంచి నడవాలి.