ఉద్దానం వ్యాధి – ‘అంతుచిక్కని’ అనే మాట

ఉద్దానం కిడ్నీ వ్యాధిని గురించి గత ఇరవై ఏళ్ళుగా తెలుగులో వెలువడుతున్న రచనలను ఒకచోట పేర్చుకొని చదివితే వాటి పోలిక వెంటనే బయటపడుతుంది. పత్రికా వ్యాసమైనా, సేవాసంఘం కరపత్రమైనా, సభలో చదివిన ప్రసంగమైనా ఆరంభం దాదాపు ఒక్కటే. ‘ఉద్యానం’ అనే మాట నుండి ‘ఉద్దానం’ పుట్టిందని చెప్పడం, కొబ్బరి, జీడి, పనస తోటలను వర్ణించడం, ఆ వెంటనే ఆ ఉద్యానం శ్మశానమైందని ప్రాస కూర్చడం. తరువాత తప్పక వచ్చే మాట ‘అంతుచిక్కని వ్యాధి’. ప్రాస సంగతి పోనివ్వవచ్చు. అది రుచికి సంబంధించినది. ఈ విశేషణాన్ని మాత్రం ఊరకే వదలడానికి వీలులేదు. మూడు రోజులకోసారి డయాలిసిస్ కోసం టెక్కలికో, పలాసకో, సోంపేటకో బస్సెక్కే మనిషికి తన జబ్బును గురించి తన భాషలో దొరుకుతున్న నిర్వచనం అదొక్కటే గనుక.

వైద్యశాస్త్రం ఈ వ్యాధికి పెట్టిన పేరు ‘కారణం తెలియని దీర్ఘకాలిక మూత్రపిండ వ్యాధి’. ఆ పేరులో నిగూఢమేమీ లేదు. చక్కెర వ్యాధి, రక్తపోటు, మూత్రపిండాల వాపు, పుట్టుకతో వచ్చే లోపాలు వంటి తెలిసిన కారణాలను వరుసగా పరిశీలించి, ఏదీ సరిపోకపోతే ఆ గడిలో వ్రాసే మాట అది. అది లెక్కల పుస్తకంలో ఖాళీగా ఉంచిన గడి వంటిది. దానిని తెలుగులోకి తెచ్చిన వారు ఖాళీ గడిని చీకటి గుహగా మార్చారు. ‘అంతు’ అంటే లోతు, కొస. ‘చిక్కడం’ అంటే చేతికి దొరకడం. అంతు చిక్కనిది అంటే వెదకి వెదకి విసిగిపోయినా లోతు దొరకనిది. ‘తెలియని’ అన్న మాట వెదికేవాని స్థితిని చెబుతుంది. ‘అంతుచిక్కని’ అన్న మాట వస్తువు స్వభావాన్ని చెబుతుంది. ఒకటి మనిషి కొరత, రెండవది లోకపు గుణం. అనువాదంలో జరిగిన ఈ మార్పు చిన్నదిగా కనిపించవచ్చు. కాని దానితో బాధ్యత ఒకరి భుజం మీదనుండి జారి ఎక్కడో ఆకాశంలో పడుతుంది.

అరబీ చదివిన పాఠకునికి ఈ తేడా కొత్తది కాదు. మజ్‌హూల్ వేరు, గైబ్ వేరు. ఈనాడు తెలియనిది మజ్‌హూల్. మానవుని ఇంద్రియాలకూ బుద్ధికీ అందకుండా దాచబడినది గైబ్. లుఖ్మాన్ సూరా చివరి వాక్యంలో అల్లాహ్‌కు మాత్రమే తెలిసిన సంగతులు పేర్కొనబడ్డాయి: ప్రళయ ఘడియ, వర్షం, గర్భాలలోని సంగతి, రేపటి సంపాదన, మరణించే చోటు. ఒక వ్యాధి ఎందువల్ల వస్తున్నదన్న ప్రశ్న ఆ జాబితాలో లేదు. ఆలి ఇమ్రాన్ సూరా 7వ వాక్యంలోని ముతషాబిహాత్ విషయంలోనైతే వాక్యాన్ని ఎక్కడ ఆపాలన్న దానిపైనే వ్యాఖ్యాతలలో రెండు పక్షాలున్నాయి. అల్లాహ్ నామం దగ్గర ఆపితే వాటి అంతరార్థం ఆయనకే పరిమితం. జ్ఞానంలో నిలకడ గలవారి ప్రస్తావన దాకా చదివి ఆపితే వారికీ అందులో భాగం ఉంది. దైవవాక్కు విషయంలోనే ఎక్కడ ఆపాలా అని ఇంతగా తర్కించిన సంప్రదాయానికి చెందినవారు, ఇసుక నేలలో కొబ్బరి చెట్టెక్కే కూలీ మూత్రపిండం విషయంలో ‘అది దేవునికే ఎరుక’ అని తొందరపడి పూర్ణవిరామం పెట్టడం విచిత్రం. ప్రతి వ్యాధికీ ఔషధం దించబడిందన్న హదీసును శుక్రవారం ప్రసంగాలలో తరచు వింటాము గదా. ముస్నద్ అహ్మద్‌లోని ఉల్లేఖనంలో, ఆ ఔషధపు జ్ఞానం కొందరికి అందుతుంది, కొందరికి అందదు అన్న భావం కూడా చేరి ఉంది. అందనివారు వెదకనక్కరలేదని దానికి అర్థం తీసిన వ్యాఖ్యాత లేడు.

ఈ విషయంలో అరబీ భాషే ఒక పాఠం చెబుతుంది. ‘ఇల్లత్’ అన్న ఒకే పదానికి రోగమనీ అర్థం, కారణమనీ అర్థం. ఫిఖ్‌హ్ పండితుడు తీర్పుకు ఆధారమైన హేతువును ఇల్లత్ అంటాడు. హకీం రోగి ఒంట్లోని జబ్బును ఇల్లత్ అంటాడు. సంస్కృత వైద్యంలో దీనికి దగ్గరగా నిలిచే మాట ‘నిదానం’. రోగకారణాన్ని, రోగ నిర్ణయాన్ని అది తెలుపుతుంది. మాధవ నిదానమన్న వైద్యగ్రంథం పేరులోని నిదానం ఇదే. తెలుగు వాడుకలోకి వచ్చేసరికి ఆ పదానికి ‘మెల్లగా’ అన్న అర్థం స్థిరపడింది. ఉద్దానం విషయంలో ఈ రెండవ నిదానమే రాజ్యమేలిందని ఎవరైనా అంటే కాదనడం కష్టం.

అసలు తెలిసినదెంత? దీన్ని చెప్పకుండా ‘అంతుచిక్కని’ అనడమే ఆ రచనల పెద్ద లోపం. కవిటి, కంచిలి, సోంపేట, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాలలో ఇది వ్యాపించి ఉంది. డాక్టర్ టి. రవిరాజు ప్రభృతులు 2019లో ప్రకటించిన సర్వేలో 2,210 మందిని పరీక్షించగా నూటికి 18 మందికి పైగా మూత్రపిండ వ్యాధి కనిపించింది. వారిలో అధిక సంఖ్యాకులకు చక్కెర వ్యాధి వంటి తెలిసిన కారణాలు లేవు. 2020లో వెలువడిన మరొక అధ్యయనం 67 గ్రామాలలో దాదాపు అయిదింట ఒక వంతు మందిలో మూత్రపిండాల పనితీరులో లోపం ఉన్నట్లు చూపింది. వ్యాధి నడక కూడా తెలిసినదే. చక్కెర వ్యాధిలో మూత్రపిండంలోని వడపోత గుచ్ఛాలు చెడి ప్రోటీను మూత్రంలోకి కారుతుంది. ఇక్కడ ప్రధానంగా చెడేవి సన్నని నాళికలు, వాటి చుట్టూ ఉన్న కణజాలం. ప్రోటీను కారడం తక్కువ. అందువల్ల కాళ్ళ వాపు, మూత్రంలో నురగ వంటి హెచ్చరికలు తొలిదశలో కనిపించవు. రక్తంలో క్రియాటినిన్ పరీక్ష చేస్తే తప్ప బయటపడదు. బయటపడేనాటికి మూత్రపిండం చాలావరకు కృశించి ఉంటుంది. ఇంత తెలిసిన తరువాత, ఊరూరా రక్తపరీక్ష ఎందుకు జరగాలో వివరించడానికి ఏ రహస్యమూ విప్పనక్కరలేదు. మూలకారణం తెలియకపోయినా ముందుగా పట్టుకొనే ఉపాయం తెలుసు. ‘అంతుచిక్కని’ అన్న మాట ఈ ఉపాయాన్ని కూడా చీకట్లోకి నెట్టేస్తుంది.

రెండవ రకం రచయితలు దీనికి సరిగ్గా ఎదురు. వారికి సందేహమే లేదు. నీరే కారణమని ఒకరు, పురుగుమందులని ఒకరు, నొప్పి మాత్రలని ఒకరు, వంశమని ఒకరు తేల్చివేశారు. భూగర్భజలంలోని సిలికా, భారలోహాలు, ఎండలో చెమటోడ్చి దాహంతో పనిచేయడం, ఒళ్ళు నొప్పులకు వాడే మాత్రలు, పురుగుమందులు, జన్యు స్వభావం అన్నీ పరిశోధకుల అనుమానాలలో ఉన్నవే. వీటిలో ఏ ఒక్కటీ నేరస్థుడిగా రుజువు కాలేదు. ఒకటికి మించినవి కలిసి పనిచేస్తున్నాయన్న అభిప్రాయం బలంగా ఉంది. నొప్పి మాత్రల సంగతి కొంచెం వేరు. అవి ఈ వ్యాధికి మూలమా కాదా అన్నది అలా ఉంచితే, విచ్చలవిడిగా మింగితే మూత్రపిండాలకు కీడని ఎక్కడైనా నిశ్చయమే. అంతవరకు చెప్పడం న్యాయం. అంతకు మించి ‘ఇదే కారణం’ అనడం దేనికి ఆధారం?

ఉపరితల జలాన్ని ఊళ్ళకు చేర్చే పథకాన్ని మెచ్చుకొంటూ వ్రాసిన వ్యాసాలలో ఈ దోషమే మరో రూపంలో ఉంది. హిరమండలం జలాశయం నుండి సుమారు 700 కోట్ల రూపాయల వ్యయంతో ఉద్దానానికి మంచినీరు తెచ్చే పథకం, పలాసలో 200 పడకల కిడ్నీ పరిశోధన కేంద్రం, ఆసుపత్రి 2023 డిసెంబరు 14న ప్రారంభమైనాయి. మంచినీరు మంచిదే. అది రాకముందే రావలసింది. కాని ‘నీరు వచ్చింది, సమస్య తీరింది’ అన్న శీర్షికకు ఆధారం లేదు. నీరే కారణమన్నది తేలలేదు గనుక. తేలిందనుకొన్నా, పదేళ్ళ క్రితం మొదలైన నష్టం కుళాయి తిప్పితే మాయం కాదు. ఈ మాట వ్రాసిన రచయిత అరుదు. రెండు పక్షాల పార్టీలకూ అది రుచించదు మరి.

ఇటువంటి ముడి ఒకచోట విడిన కథ తెలుగులో దాదాపు రాలేదు. డాన్యూబ్ ఉపనదుల వెంట బల్గేరియా, సెర్బియా, క్రొయేషియా, బోస్నియా, రుమేనియా పల్లెలలో ఉద్దానాన్ని పోలిన మూత్రపిండ వ్యాధిని 1950ల నుండి వైద్యులు వర్ణిస్తూ వచ్చారు. అక్కడా నీటిని అనుమానించారు, లోహాలను అనుమానించారు, ధాన్యానికి పట్టే బూజును అనుమానించారు, వంశాన్ని అనుమానించారు. ఆధారం మరెక్కడి నుండో వచ్చింది. 1993లో బెల్జియంలో, సన్నబడడానికి ఒక మూలికల మందు వాడిన స్త్రీలకు మూత్రపిండాలు చెడిన సంగతి బయటపడింది. అందులో అరిస్టొలోకియా జాతి మొక్క కలిసింది. అదే జాతి కలుపు మొక్క బాల్కన్ గోధుమ చేలలో మొలిచి, దాని గింజలు పిండిలో కలిసి, రొట్టెగా తినబడుతున్నదని, దాని విషం రోగుల మూత్రపిండ కణాలలో ముద్ర వదిలిందని 2007లో వెలువడిన పరిశోధన బలంగా చూపింది. అర్ధ శతాబ్దం పైగా పట్టింది. రోజూ తినే రొట్టెలోనే ఉన్నది అంతు. తెలుగునాట పాముకాటుకు నాటువైద్యులు వాడే ఈశ్వరి వేరు కూడా ఈ జాతిదేనన్నది ప్రసంగవశాత్తు చెప్పవలసిన మాట. ఉద్దానం వ్యాధికి దానితో సంబంధం ఉన్నదని దీని అర్థం కాదు. ఆ తొందరపాటే గదా ఇక్కడ విమర్శకు గురవుతున్నది.

శ్రీలంక ఉత్తర మధ్య ప్రాంతపు వరి రైతులలోను, నికరాగువా, ఎల్ సాల్వడార్‌ల చెరకు కూలీలలోను ఇటువంటి వ్యాధే ఉంది. నికరాగువా చెరకు తోటలలో కారణం పూర్తిగా తేలేదాకా ఆగకుండా కూలీలకు తాగునీరు, నీడ, పని మధ్య విశ్రాంతి ఏర్పాటు చేశారు. మూత్రపిండాలకు కొత్తగా దెబ్బ తగలడం తగ్గినట్లు లెక్కలు చూపాయి. ఉద్దానం జీడి తోటల మీద, పలాస జీడి బట్టీల మీద వచ్చిన రచనలలో పనివేళల ప్రస్తావన ఎంత? దాదాపు లేదు. తోటను వర్ణించారు, తోటలో ఎండలో నిలబడిన మనిషిని వదిలేశారు.

మూడవ రకం రచనలు తక్కువే గాని వాటి హాని ఎక్కువ. వ్యాధిని పాపఫలంగానో దైవపరీక్షగానో చెప్పి ముగించేవి. ఇది ఒక మతానికి పరిమితమైన అలవాటు కాదు. పరీక్ష అన్నది విశ్వాసి ఓర్పుకు ఊతం. దాన్ని కారణంగా నిలబెట్టడం వేరే పని. 1348–49లో అందలూసియాను మహమ్మారి ప్లేగు ముంచెత్తినప్పుడు అంటువ్యాధి అన్నదే లేదని కొందరు వాదించారు. గ్రనడా మంత్రి, వైద్యుడు ఇబ్నుల్ ఖతీబ్ తన గ్రంథంలో వారికి బదులిచ్చాడు. అనుభవం, పరిశీలన, వరుసగా వచ్చే వార్తలు అంటును రుజువు చేస్తున్నాయని, ప్రత్యక్షానికి విరుద్ధంగా తోచే వచనాన్ని అన్వయించుకోవలసి ఉంటుందని ఆయన వాదన. ప్లేగు క్రిమి కనబడింది 1894లో, హాంకాంగ్‌లో. కారణాన్ని కంటితో చూడడానికి అయిదు వందల ఏళ్ళు మిగిలి ఉండగానే, రోగి ఇంటి బట్టను, పాత్రను తాకవద్దని చెప్పగలిగిన వాడు ఆయన. ఆయన ‘అంతుచిక్కదు’ అనలేదు, లేని క్రిమిని కల్పించి చెప్పనూ లేదు.

ఇబ్ను సీనా పద్ధతిలో కొంత చిక్కు ఉంది. వేడి, చలువ, తడి, పొడి గుణాలతో వివరించలేని ఔషధాలు తమ సమగ్ర ద్రవ్యంతో పనిచేస్తాయని, అది వాటి ‘ఖాసియత్’ అని ఆయన అన్నాడు. అయస్కాంతం ఇనుమును లాగడం దీనికి వాడుకలో ఉన్న ఉదాహరణ. దీనిని నిజాయితీగా గుర్తు పెట్టిన ఖాళీ అనవచ్చు. పేరు పెట్టడంతో తృప్తిపడిన అజ్ఞానమనీ అనవచ్చు. తరువాతి తరాల హకీముల చేతిలో అది రెండవదే అయింది. రాజీ వేరే దారి తొక్కాడు. జాలీనూస్ అంతటి గురువు మీద సందేహాలను పుస్తకంగానే వ్రాశాడు. మూత్రపిండాలలోని రాళ్ళను గురించి విడిగా గ్రంథం వ్రాసిన వైద్యుడూ ఆయనే.

అనువాదకులకు ఇక్కడ చేయదగిన పని ఒకటుంది. ‘అంతుచిక్కని’ స్థానంలో ‘కారణం ఇంకా తేలని’ అని వ్రాయడం. ఆ ‘ఇంకా’ అన్న చిన్న మాటలో తేల్చవలసినవారు ఉన్నారన్న సూచన ఉంది. వాడుక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి ఈ జిల్లా మనిషే. ఊరిలో మాట్లాడే మాటను పుస్తకంలోకి తేవాలన్నాడు. ఉద్దానంలో జనం దీన్ని ఉత్తినే ‘కిడ్నీ జబ్బు’ అంటారు. ఆ మాటలో మాయ లేదు, ప్రాస లేదు. వింతను చేర్చినది వ్రాతలోని తెలుగు. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను వజ్రపుకొత్తూరు దగ్గర తీరం దాటి కొబ్బరి, జీడి తోటలను కూల్చినప్పుడు, పడిన చెట్లను లెక్కించి పరిహారం నిర్ణయించారు. దానిని అంతుచిక్కని గాలి అని ఎవరూ వ్రాయలేదు.

పలాస సంస్థ పేరులో ఆసుపత్రితో పాటు పరిశోధన కేంద్రమన్న మాట కూడా ఉంది. ఆసుపత్రి పడకలు 200 అని ప్రతి వ్యాసమూ చెబుతున్నది. పరిశోధన వైపు ఎంతమంది పనిచేస్తున్నారు, ఏ గ్రామాల నీటిని, రక్తాన్ని, పనివేళలను ఎన్నేళ్ళు వరుసగా నమోదు చేస్తున్నారు, ఆ లెక్కలు తెలుగులో ఎక్కడ చదవవచ్చు అన్న ప్రశ్నలు వేసిన వ్యాసం కోసం ఇంకా వెదకవలసే ఉంది.