కాకి కదలని రోజు

భోగి ఇంకా రెండు రోజులుందనగానే మా రెజిమెంటల్ బజార్‌కి నిద్ర కరువవుతుంది. సందుల్లోంచి సంచులు బయల్దేరతాయి. చక్రాల పెట్టెలు, గోనెసంచులు, పాత చీరలో మూటగట్టిన పిల్లల బట్టలు, అత్తారింటికని కొన్న బిస్కెట్ల డబ్బాలు, అన్నీ ఒకే దారి పడతాయి, సికింద్రాబాద్ స్టేషను ఒకటో నంబరు ప్లాట్‌ఫారం దారి. గౌతమి ఎక్కేవాళ్ళు, గోదావరి ఎక్కేవాళ్ళు, నరసాపురం బండి ఎక్కేవాళ్ళు. టీ కొట్టు దగ్గర నిలబడి ఉంటే ఆటో అతను నన్నడుగుతాడు: "గింతమంది ఏడికి పోతున్రన్నా?"

"తీర్థానికి."

అతను తలూపుతాడు. గుడిలో పూజారి అరచేతిలో పోసే తీర్థం అనుకుని ఉంటాడు. నేనూ విడమర్చి చెప్పను. చెప్పడం మొదలుపెడితే నా బండి వెళ్ళిపోతుంది.

తీర్థమా, జాతర అని పిలిస్తే నువ్వు పలకవు. ఇక్కడివాళ్ళ నోట జాతర, గుంటూరు వైపు తిరునాళ్ళు, మా కోనసీమ లంకల్లో మాత్రం నువ్వు తీర్థం. రేవు అని కదా ఆ మాటకి పాత అర్థం. ఏటిని దాటే చోటు. దాటించేవాళ్ళ భుజాలే నీకు పడవలు.

కనుమనాడు కాకి కూడా కదలదంటారు. ఆ రోజు ప్రయాణం పెట్టుకుంటే మా నాయనమ్మ గుమ్మానికి అడ్డంగా పీట వేసుకుని కూర్చునేది. మరి అదే కనుమనాడు పదకొండు ఊళ్ళ శివుళ్ళు గుళ్ళు వదిలి పొలాలకి అడ్డంపడి ఎందుకొస్తారే అంటే, "వాళ్ళు కాకులా?" అనేది. ఇప్పటికీ నా దగ్గర అంతకు మించిన జవాబు లేదు.

అంబాజీపేట మండలం మొసలపల్లి శివార్లలో ఒక కొబ్బరితోట. పేరు జగ్గన్నతోట. అందులో గుడి లేదు, గోపురం లేదు. ఏడాదంతా అది ఉత్త తోటే. కనుమ ఒక్కనాడు అది కైలాసం. వ్యాఘ్రేశ్వరం నుంచి వ్యాఘ్రేశ్వరుడు వస్తాడు. మొసలపల్లి నుంచి మధుమానంత భోగేశ్వరుడు, ఇరుసుమండ నుంచి ఆనంద రామేశ్వరుడు, వక్కలంక నుంచి విశ్వేశ్వరుడు, ముక్కామల నుంచి రాఘవేశ్వరుడు వస్తారు. పాలగుమ్మి, నేదునూరు, పుల్లేటికుర్రు, కె.పెదపూడి, గంగలకుర్రు, గంగలకుర్రు అగ్రహారం, ఎవరి దేవుణ్ణి వాళ్ళు ప్రభ కట్టి మోసుకొస్తారు. పదకొండుమంది కలిసి లోకక్షేమం మాట్లాడుకుంటారట. నాకెప్పుడూ అనుమానమే, లోకక్షేమం సంగతి రెండు ముక్కల్లో తేల్చేసి, మిగతా పొద్దంతా ఎవరి ఊళ్ళో కొబ్బరి ధర ఎంతుందో చెప్పుకుంటారేమోనని.

పెద్దరికం వ్యాఘ్రేశ్వరుడిది. ఆయన ప్రభ తోటలో అడుగుపెట్టగానే, దింపి ఉన్న ప్రభలన్నిటినీ ఒక్కసారి పైకి లేపుతారు. పెద్దవాడొస్తే చిన్నవాళ్ళు లేచి నిలబడతారు కదా, అలా. దేవుళ్ళకి మర్యాద నేర్పిన ఊళ్ళు మావి.

ప్రభా, నిన్ను కట్టడం చూడకుండా నిన్ను చూశామనేవాళ్ళ మాట నేను నమ్మను. వెదురు చీలుస్తారు, వంచుతారు, తాటి దూలాలకి బిగిస్తారు. రంగురంగుల బట్టలు చుడతారు. కొత్త వరికంకుల కుచ్చులు, నెమలి ఈకలు, గంటలు, పూలదండలు. ఇంత చేసి మధ్యలో చిన్న చోటు వదులుతారు, స్వామి కూర్చోడానికి. ఆకాశం సగం నువ్వే ఆక్రమిస్తావు, ఆయనకి మాత్రం పీటంత జాగా.

ఇక కౌశిక. గంగలకుర్రు, అగ్రహారం ప్రభలకి ఆ ఏరు అడ్డం. వంతెన మీదుగా చుట్టు తిరిగి రావచ్చు. రారు. నేరుగా నీళ్ళలోకి దిగుతారు. మొదట మోకాళ్ళు, తర్వాత నడుములు, తర్వాత ఛాతీలు మునుగుతాయి. ప్రభ మాత్రం మునగదు. గట్టు మీద డప్పులు, గరగలు, ఊపిరి బిగబట్టిన వేలమంది. ప్రభ ఒకవైపు ఒరిగితే తాళ్ళు పట్టినవాళ్ళు రెండోవైపు లాగుతారు. కింద కాలికి తగిలేది బురదో, గుల్లో, నాచో మోసేవాడికి తప్ప తెలీదు. "శరభా! శరభా!" అని ఒక గొంతు లేస్తే వంద గొంతులు అందుకుంటాయి. ఆ క్షణాన నీళ్ళ మీద తలలు మాత్రమే కనపడతాయి, తలల మీద దేవుడు కనపడతాడు. ఏ తల ఏ కులానిదో, ఎవరిది సొంత చేనో, ఎవరిది కౌలో, పైనున్న ఆయనకే కాదు, గట్టునున్న మాకూ తెలీదు.

అవతలి గట్టెక్కాక మళ్ళీ చేలు. దాళ్వా ఊడ్చిన మళ్ళు. వందల కాళ్ళు పచ్చని పైరు తొక్కుకుంటూ పోతాయి. మామూలు రోజున గేదె ఒక్క మూతి పెడితే పంచాయతీదాకా లాగే రైతు, ఆ రోజు చేతులు కట్టుకుని గట్టున నిలబడతాడు. ప్రభ తొక్కిన మడి బాగా పండుతుందని ఆయన నమ్మకం. పండుతుందో లేదో నేను లెక్క చూడలేదు, ఆయన ముఖం చూశాను.

రెజిమెంటల్ బజార్‌లో ఉంటూ నడక గురించి ఇంత మాట్లాడటం విడ్డూరమే. ఈ పేటకి పేరిచ్చిందే పటాలం. 1806లో సికిందర్ జా పేరు మీద వెలసిన కంటోన్మెంటు ఇది, ఊరి వాడుకలో లష్కర్. ఆజ్ఞ వస్తే కదిలే నడక ఇక్కడిది. జగ్గన్నతోటకి వచ్చే నడకకి ఆజ్ఞ ఇచ్చేవాడు లేడు. ఆ రెండు నడకలూ ఒకసారి ఒకే దారిలో కలిశాయి. 2023 జనవరి 26న ఢిల్లీ కర్తవ్యపథ్ కవాతులో ఆంధ్రప్రదేశ్ శకటం ప్రభల తీర్థమే. టీవీలో చూసి మా సందులో కోనసీమ ఇళ్ళవాళ్ళం ఈలలు వేశాం. ప్రభ చక్రాల మీద దొర్లుతుంటే మాత్రం నా మనసొప్పలేదు. నీ కింద భుజాలు లేకపోతే నువ్వు బొమ్మవే.

పటాలం మాకు ఒకటిచ్చింది, ఒకటి పట్టుకుపోయింది. మద్రాసు సైన్యపు ఇంజనీరు ఆర్థర్ కాటన్ 1852కి ధవళేశ్వరం ఆనకట్ట పూర్తిచేస్తే మా లంకలకి పంటలొచ్చాయి. రెండో ప్రపంచయుద్ధం వచ్చినప్పుడు కాకినాడ–కోటిపల్లి పట్టాలు పీకి పట్టుకుపోయారు. ఆ రైలు మళ్ళీ కోటిపల్లి చేరేసరికి 2004 అయింది. గోదావరి పాయలు దాటి అమలాపురం వచ్చేందుకు ఇంకా చూస్తూనే ఉంది. అందుకే రాజమండ్రిలో దిగి, రావులపాలెం మీదుగా బస్సులో నిలబడి, తీర్థమా, నీ దగ్గరికి వస్తాం.

అంతర్వేదీ, నీదీ తీర్థమే, నిన్ను మరిచానని కోపగించకు. భీష్మ ఏకాదశికి నీ రథం కదులుతుంది, మాఘ పౌర్ణమికి గోదావరి పాయ వశిష్ఠ సముద్రంలో కలిసేచోట జనం మునుగుతారు. 2020 సెప్టెంబరులో నీ టేకు రథం కాలిపోయిన పొద్దున ఈ పేటలో కొన్ని పొయ్యిలు వెలగలేదు. తర్వాతి ఫిబ్రవరికల్లా కొత్త రథం వచ్చింది.

తీర్థంలో పెద్దలు మా చేతుల్లో పెట్టిన డబ్బులు చెరుకు గడలకి, జీళ్ళకి, ఖర్జూరానికి, రంగులరాట్నానికి చాలినట్టే చాలి ఆఖర్న బూర దగ్గర తగ్గేవి. బూర కొనని కనుమలే నాకు బాగా గుర్తు.

ఇక్కడికొచ్చిన కొత్తలో, ఆషాఢంలో ఒక ఆదివారం, డప్పు వినపడి గభాలున కిందికి దిగాను. వెదురు బద్దలు, రంగు కాగితాలు, మనిషికి రెండింతలున్న తొట్టెలు. లష్కర్ బోనాలు. ఇదీ మోసేదే అనుకుని గుండె కుదుటపడింది. ఆ బోనాలందుకునే ఉజ్జయిని మహంకాళిని ఇక్కడ నిలిపిన సురిటి అప్పయ్య పటాలంలో డోలీ మోసేవాడని తర్వాత తెలిసింది. 1813లో కలరా రేగినప్పుడు ఉజ్జయినిలో మొక్కుకుని, 1815లో ఇక్కడ అమ్మవారిని నిలిపాడు. మోసిన భుజానికే దేవుడి బరువు తెలుస్తుంది, లష్కర్‌లోనైనా, లంకలోనైనా.

ముక్కనుమ దాటిన మర్నాడు, తెల్లారకముందే బండి దిగుతాం. కొబ్బరికాయల బస్తా, కర్పూర చక్రకేళి గెల, ప్రభ దింపాక అడిగి తెచ్చుకున్న వరికంకుల కుచ్చు. ఎర్రచొక్కా కూలీ బస్తా భుజానికెత్తుకుంటూ "ఊర్ల పండుగ మంచిగైందా సార్?" అంటాడు. అయిందంటాను. అంటూనే నా కుడి భుజం తడుముకుంటాను. కౌశికలో ఈసారి కాసేపు నాకూ చోటిచ్చారు. చొక్కా తగిలితే ఇంకా మండుతోంది.

కుచ్చుని గుమ్మానికి వేలాడదీశాను. పిచ్చుకల కోసం అనుకున్నాను, స్టేషను పావురాలు వచ్చాయి. వాటికంటే ముందు ఒక కాకి వచ్చింది.