ముక్కుకు ఇరవై ఎనిమిది ప్రశ్నలు

విమర్శ అనగానే మనకు కథో, నవలో, సినిమానో గుర్తుకొస్తుంది. కాని ఒక ప్రశ్నావళిని కూడా విమర్శకుడి కంటితో చదవవచ్చు. 1991లో కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఎలిజబెత్ జూనిపర్, గోర్డన్ గయట్‌లు ఎలర్జీ జలుబుతో బాధపడేవారి కోసం ఇరవై ఎనిమిది ప్రశ్నల పత్రం ఒకటి తయారుచేశారు. ఎలర్జీ మందు వాడిన రోగి జీవితం ఎంత మెరుగుపడిందో తేల్చే సాధనాల్లో దానికి పేరున్న స్థానం ఉంది. ఆ విశ్వవిద్యాలయం ఉన్న హామిల్టన్ కెనడాకు ఉక్కు నగరం. కాబట్టి ఆ పత్రాన్ని మన ఉక్కు నగరం జంషెడ్‌పూర్‌లో, తెలుగు కుటుంబాలు తరతరాలుగా కాపురముంటున్న గోల్‌మురి నుంచి చదివి చూడటం అసందర్భం కాదు.

ముందు జబ్బు సంగతి. పుప్పొడి, బూజు, పరుపుల్లోనూ దిండ్లలోనూ పెరిగే కంటికి కనబడని డస్ట్ మైట్ పురుగులు, వీటిలోని ప్రోటీన్లు చాలామందిని ఏమీ చెయ్యవు. కొందరి శరీరం మాత్రం వాటిని శత్రువులని పొరబడి ‘ఐజీఇ’ అనే ప్రతిరక్షకాన్ని తయారుచేసుకుంటుంది. అది ముక్కు లోపలి పొరలోని మాస్ట్ కణాలను అంటుకుని కాపు కాస్తుంది. అదే ప్రోటీన్ మళ్లీ తగలగానే ఆ కణాలు హిస్టమిన్‌ను, మరికొన్ని రసాయనాలను వదులుతాయి. దానితో తుమ్ములు, దురద, నీరు కారడం. కొన్ని గంటలకు ఇతర కణాలు కూడా వచ్చి చేరి వాపు తెస్తాయి, ముక్కు దిబ్బడ వేస్తుంది. వైరస్ తెచ్చే జలుబు వారం పది రోజుల్లో పోతుంది, ఇది అలా పోయేది కాదు. మనం రెంటినీ ‘రొంప’ అనే ఒక్క మాటతోనే సరిపెడతాం. అదే పోతుందిలే అని ఏళ్ల తరబడి ఊరుకోవడానికి ఆ మాట కూడా కొంత కారణమేమో!

ఈ ప్రశ్నావళి చేసిన పెద్ద మేలు ఏమిటంటే, తుమ్ముల లెక్క దగ్గరే ఆగిపోలేదు. నిద్ర పట్టిందా, మధ్యలో మెలకువ వచ్చిందా, అలసటగా ఉందా, దాహం వేస్తోందా, చిరాకు కలిగిందా, నలుగురిలో సిగ్గుగా అనిపించిందా అని అడుగుతుంది. గడిచిన వారం రోజుల్లో ఒక్కొక్కటి ఎంత బాధ పెట్టిందో రోగి సున్నా నుంచి ఆరు వరకు ఒక అంకె వేసి చెప్పాలి. సగటు అర పాయింటు తగ్గినా రోగికి తేడా తెలుస్తుందని లెక్క. డాక్టరుకు చిన్నదిగా కనిపించే జబ్బు రోగికి ఎంత పెద్దదో ఈ అంకె చెబుతుంది. 2001లో వెలువడిన ‘ఏరియా’ అనే అంతర్జాతీయ మార్గదర్శకాలు కూడా ఈ దారే పట్టాయి. నిద్ర, బడి, ఉద్యోగం దెబ్బతింటే ఆ జబ్బును తేలికపాటిది అనకూడదన్నాయి.

ఇక లోపాలు. మొదటి పత్రంలో ఒక చక్కని ఏర్పాటు ఉండేది. జబ్బు వల్ల తనకు కష్టమైపోయిన మూడు పనులను రోగే ఎంచుకుని చెప్పాలి. ఒక ఇల్లాలు ‘ఇల్లు ఊడవడం’ అంటుంది, ఒక కుర్రాడు ‘క్రికెట్’ అంటాడు. 1999లో వచ్చిన ప్రామాణిక రూపంలో ఇది పోయింది. ఇంటిపని, ఉద్యోగం, ఆరుబయట తిరగడం వంటి అందరికీ వర్తించే అంశాలు ఆ చోటికి వచ్చాయి. వేలమంది మీద మందును పరీక్షించేటప్పుడు ఇది సౌకర్యమే, కాదనను. కాని రోగి సొంత మాటకు చోటున్న ఒకే ఒక్క గది అది. దాన్నే మూసేశారు.

నిద్ర ప్రశ్నలు చూడండి. అవి రాత్రి నిద్ర గురించి అడుగుతాయి. గోల్‌మురిలో 1920లో ఏర్పడిన టిన్‌ప్లేట్ కంపెనీ కర్మాగారం ఉంది, 2024లో ఆ కంపెనీ టాటా స్టీలులో కలిసింది. ఇలాంటి చోట షిఫ్టుల్లో పనిచేసే ఒక కార్మికుణ్ణి ఊహించుకోండి. నైట్ షిఫ్టు పడిన వారంలో అతడు రాత్రుళ్లు మేలుకునే ఉంటాడు, అది రొంప వల్ల కాదు. పగలు పడుకుందామంటే ముక్కు దిబ్బడ. ఈ పత్రంలో అతడు వేసే అంకెకు అర్థమేమిటి? పైగా పొగ, బొగ్గు ధూళి ఎలర్జీ పదార్థాలు కాకపోయినా, అప్పటికే వాచి ఉన్న ముక్కును ఇంకా రేపుతాయి. మార్కు పెరిగింది పుప్పొడి వల్లా, పొగ వల్లా అన్నది పత్రం చెప్పదు.

ఇంకొకటి. అలవాటు పడినవాడు తక్కువ మార్కు వేస్తాడు. దుమ్ముకు భయపడి ఆటలు మానేసిన కుర్రాణ్ణి ‘బయట తిరిగితే ఇబ్బందా?’ అని అడిగితే ‘లేదు’ అంటాడు. అతడు బయటికే పోవడం లేదు మరి! ఒకే మనిషికి మందు ముందూ తర్వాతా పోల్చడానికి పనికొచ్చే పత్రాన్ని, ఎవరి జబ్బు ఎంతో తేల్చే తక్కెడగా వాడకూడదు.

ఇంతకీ ఈ కొలత విద్యార్థులకెందుకు? పన్నెండు నుంచి పదిహేడేళ్ల వారికోసం జూనిపర్ బృందం 1994లో విడిగా ఒక పత్రం చేసింది. పెద్దలకు నిద్ర ఎక్కువ సమస్య కాగా, ఈ వయసువారికి చదువు మీద ధ్యాస నిలవకపోవడం ఎక్కువ సమస్య అని అప్పుడు తేలింది. 2007లో బ్రిటన్‌లో సమంతా వాకర్ బృందం 1834 మంది విద్యార్థులను పరిశీలించింది. శీతకాలపు మాదిరి పరీక్ష కంటే వేసవి అసలు పరీక్షలో గ్రేడు తగ్గినవారిలో ఎలర్జీ జలుబు లక్షణాలు ఎక్కువగా కనిపించాయి. మత్తు కలిగించే ఎలర్జీ మాత్రలతో ఈ సంబంధం ఇంకా బలంగా ఉంది. ఇది సంబంధమే తప్ప కారణానికి రుజువు కాదు. అయితే వివరణ దొరకనిదేమీ కాదు. మెదడును మేలుకొలిపి ఉంచే పనిలో హిస్టమిన్‌కూ పాత్ర ఉంది. ఫెనిరమిన్, క్లోర్‌ఫెనిరమిన్ వంటి పాత మాత్రలు మెదడులోకి చేరి దాన్ని అక్కడ కూడా అడ్డుకుంటాయి. మన ఇళ్లలో ‘అవిల్’ అని పిలుచుకునేది వీటిలోదే. లోరటడిన్, ఫెక్సోఫెనడిన్ వంటివి మెదడులోకి అంతగా పోవు.

ముక్కు కారడం ఆగింది కదా అని పాత మాత్రను మెచ్చుకునే డాక్టరు, రోగి, ఇద్దరూ ఈ పత్రంలోని అలసట, ధ్యాస అన్న గళ్లు కూడా నింపి చూడాలి. విడవకుండా వేధించే దిబ్బడకు మాత్ర కంటే ముక్కులో కొట్టుకునే స్టిరాయిడ్ స్ప్రే బాగా పనిచేస్తుందన్నది చాలా పరీక్షల్లో తేలిన విషయం. స్టిరాయిడ్ అన్న మాటకే జడిసి మనవాళ్లు దాన్ని పక్కన పెడతారు. ముక్కు పొర మీదే పనిచేసే ఆ మందు మామూలు మోతాదులో రక్తంలోకి చేరేది చాలా తక్కువ. పూర్తి గుణం కనిపించడానికి కొన్ని రోజులు పడుతుంది కనుక, రెండు రోజులు వాడి మానేసి లాభం లేదని తిట్టుకోవడం న్యాయం కాదు. దిబ్బడ విప్పే ఆక్సీమెటజోలిన్ చుక్కల సంగతి దీనికి తలకిందులు. క్షణాల్లో హాయి, కొద్ది రోజులకు మించి వాడితే వాటివల్లే మళ్లీ దిబ్బడ. ఏది ఎవరికన్నది డాక్టరు చెప్పాలి.

అనువాదకుడిగా ఈ పత్రాన్ని తెలుగులోకి తేవలసి వస్తే ‘టిష్యూ కాగితాలో చేతిరుమాలో వెంట ఉంచుకోవలసి రావడం’ అన్న ప్రశ్న దగ్గర నేను ఆగిపోతాను. ‘చేతిరుమాలు’ ఒక్కటే ఉంచడం తేలికే. కొంగుతో తుడుచుకుని పనిలో పడిపోయే ఇల్లాలికి అది కూడా సరిపోదు. ‘రాత్రి’ అన్నచోట ‘మీరు పడుకునే వేళ’ అని రాయాలి. ఆ మూసేసిన గదిని తిరిగి తెరిచి, మూడు ఖాళీ గీతలు గీసి వదలాలి.