పానా అడ్డం పెట్టు

బలం ఇంటూ చేతి పొడవు ఇంటూ వాటి మధ్య కోణం సైను. టార్క్ లెక్క ఇంతే. ఇంటర్‌లో అందరం రాసి మార్కులు కొట్టేసిందే. అయితే ఈ మూడింట్లో బలం, పొడవు జనానికి తెలుసు. కోణం సంగతి మెకానిక్కులకే తెలుసని నా అనుమానం.

బీదర్ జిల్లా హుమ్నాబాద్ మీదుగా పోయే 65వ నంబరు జాతీయ రహదారి పక్కన, ఏ టైర్ల షాపు ముందైనా కాసేపు నిలబడండి. కన్నడం, ఉర్దూ, తెలుగు ఒకే మాటలో కలిసిపోయే చోటు. లారీ చక్రం నట్టు బిగుసుకుంది. కుర్రాడు వీల్ పానాకు ఇనుప పైపు తొడిగి, ఎటు కుదిరితే అటు పైకి లేపి, ఎక్కి నిలబడ్డాడు. నట్టు ఉలకదు. ఉస్తాద్ ఛాయ్ గ్లాసు పక్కన పెట్టి, "అరే, గట్ల నిలబెట్టి తొక్కితే ఏమొస్తది? తీసి అడ్డం పెట్టు" అంటాడు. పానా ఊడదీసి, నట్టుకు ఎడమవైపు, నేలకు సమంగా తగిలిస్తాడు. అదే కుర్రాడు, అదే బరువు. ఈసారి కిర్రుమంటుంది.

కుర్రాడు 60 కిలోలనుకుందాం. అంటే సుమారు 590 న్యూటన్లు, నేరుగా కిందికి. నట్టు నుంచి కాలు పెట్టే చోటికి మీటరు. అడ్డంగా ఉంటే కోణం 90 డిగ్రీలు, సైను 1, టార్క్ 590 న్యూటన్ మీటర్లు. లారీ నట్టుకు ఐదారు వందలు కావాలి మరి. పానా నేలతో 60 డిగ్రీలు చేస్తే, బరువు గీతకూ పానాకూ మధ్య మిగిలేది 30. సైను సగం, టార్కూ సగమే. నిట్టనిలువుగా పెడితే ఏనుగెక్కినా నట్టుకు చీమ కుట్టినట్టుండదు.

ఉస్తాద్‌కు సైనుతో పనిలేదు. కాలి కింది నుంచి నిలువుగా దిగే గీత నట్టుకు ఎంత దూరంగా పడుతోందన్నదే ఆయన చూసేది. పుస్తకాల్లో లంబదూరం అదే. జవాబు ఎలా చేసినా ఒకటే, కానీ ఇది కంటికి కనిపిస్తుంది. పిల్లలకు ముందు ఇది చూపించక సైను పట్టికెందుకు ఇస్తారో!

ఈ జిల్లా చెరకు పండే నేల. మరలు రాకముందు చెరకాడింది ఎద్దు గానుగలే, అక్కడా ఇదే కోణం లెక్క. 400 కిలోల ఎద్దు నిలకడగా లాగేది తన బరువులో పదోవంతు. 3 మీటర్ల దూలం చివర ఆ 40 కిలోల లాగుడు దాదాపు 1,180 న్యూటన్ మీటర్లు. కాని ఎద్దు వలయంలో నడుస్తూ దూలానికి ముందుంటుంది, కాబట్టి తాడు కాస్త లోపలికి వంగుతుంది, 90 డిగ్రీలు దక్కవు. ముందున్న దూరం 2 మీటర్లయితే పోయేది 6 శాతమే. దూలాన్ని సగానికి కోస్తే? చెయ్యి సగమవడం అటుంచి, కోణం దగ్గరే పాతిక శాతం గల్లంతు. దూలం పొడుగైతే ఎద్దుకు నడక పెరుగుతుంది, అది వేరే సంగతి.

మళ్లీ టైర్ల షాపుకొస్తే, పైపుతో నట్టు విప్పితే నాకు అభ్యంతరం లేదు. బిగించేటప్పుడూ అదే పైపెక్కి తొక్కుతారే, అక్కడే నా పేచీ. స్టడ్ సాగిపోతుంది, తెగేది ఎక్కడో ఘాట్ రోడ్డులో. ఎంత బిగించాలో చూపే టార్క్ పానా లేదా అని అడిగితే, అదిగో అంటూ గోడమీది మేకుకు వేలాడేదాన్ని చూపిస్తారు. దానిమీద దుమ్ము కూడా చెదిరి ఉండదు.