తోటకు రాని తంగేడు

తెలంగాణ రాష్ట్రము ఏర్పడిన 2014లోనే తంగేడును రాష్ట్ర పుష్పముగా ప్రకటించిరి. బతుకమ్మ దినములలో ఈ పచ్చని పూవు లేని ఇల్లు పల్లెలలో అరుదు. కాని మేడ్చల్, శామీర్‌పేట వైపు బీళ్ళు ప్లాట్లుగా మారి, కొత్త ఇండ్ల ముందు తోటలు వెలసినపుడు, బీటిలోని తంగేడు తోటలోనికి రాలేదు. పూవును గౌరవించి మొక్కను విడిచితిమి. తప్పు మొక్కదా, మన తోటపనిదా?

నేల విషయమున మొక్కకు లోటు లేదు. ఈ ప్రాంతము గ్రానైటు శిల చివికి ఏర్పడిన ఎర్ర చల్క, అడుగున మొరము. వాన ముఖ్యముగా జూన్ నుండి సెప్టెంబరు వరకే. ఇట్టి చోట తంగేడు తరతరములుగా నీరు పోయువారు లేకయే పెరిగినది. లోతుగా దిగు తల్లివేరే దాని బలము.

మన మొదటి తప్పు ఆ వేరు దగ్గరనే జరుగుచున్నది. పాలిథీన్ సంచిలో నెలల తరబడి ఉంచిన మొక్కకు తల్లివేరు అడుగు తగిలి చుట్ట చుట్టుకొనును. దానిని నాటి, ఎండిపోగానే "తంగేడు తోటకు పనికిరాదు" అందుము. విత్తనమును ఉండవలసిన చోటనే తొలకరిలో వేయుట మేలు. విత్తనపు తొడుగు గట్టిది. నీటిని సులభముగా లోనికి రానీయదు. గరుకు కాగితముపై కొంచెము రుద్దియైనను, కాగి దించిన వేడినీటిలో వేసి రాత్రియంతయు నానబెట్టియైనను విత్తవలెను.

రెండవ తప్పు అతిప్రేమ. మొదటి ఏడు తడి అవసరమే. వేరు దిగిన తరువాత కూడ గులాబీకి పోసినట్లు నిత్యము నీరు పోసినచో వేరు కుళ్ళవచ్చును. పూత కొమ్మల చివరల వచ్చును గనుక, కంచెవలె మాటిమాటికి కత్తిరించినచో పూలే పోవును. కాయలు ఎండిన పిమ్మట, వానలకు ముందు ఒకసారి కత్తిరించిన చాలును.

తంగేడును మెచ్చువారును ఒక పొరపాటు చేయుచున్నారు. ఇది చిక్కుడు కుటుంబపు మొక్క గనుక వేరు బుడిపెలలో నత్రజనిని నిలుపునని చెప్పుదురు. సెన్నా ప్రజాతి మొక్కలకు సాధారణముగా అట్టి బుడిపెలు ఏర్పడవు. పూర్వము రైతులు తంగేడు రొట్టను పొలములో త్రొక్కి ఎరువు చేసిరి. అది ఆకు వలన కలిగిన మేలు, వేరు వలన కాదు. లేని గుణమును అంటగట్టనేల? ఉన్నవి చాలవా?

ఆ పూవునే చూడుడు. అందు తేనె లేదు, పుప్పొడియే ఆహారము. పది కేసరములలో పైనున్న మూడు గొడ్డువి. తక్కినవాని పుప్పొడి తిత్తులు కొనలయందలి రంధ్రముల గుండా మాత్రమే తెరచుకొనును. నల్ల తుమ్మెద పూవును పట్టుకొని రొదచేయుచు కంపింపజేసినపుడు పుప్పొడి చిమ్మును. తేనెటీగకు ఆ విద్య రాదు, రాలినది ఏరుకొనును. కొన్ని పసుపు సీతాకోకచిలుకల గొంగళ్ళకు తంగేడు ఆకే మేత.

ఒక ఆక్షేపణ న్యాయమైనదే. వయసు మీరిన మొక్క అడుగున బోసిపోవును. ఎండుకాయలు చాలకాలము వ్రేలాడుచుండును. ఏడాది పొడుగునా నిగనిగలాడు గోడ కావలెనన్నవారికి ఇది తగదు. అయితే ఆ నిగనిగ కోరియే కదా, అమెరికా ఉష్ణతీరములలో మడ అడవుల దగ్గర పెరుగు కోనోకార్పస్‌ను రహదారుల వెంట విరివిగా నాటినది! 2015లో ఆరంభమైన హరితహారములోనూ దానికి చోటు దొరకెను. 2022లో ప్రభుత్వమే దానిని నాటవలదనవలసి వచ్చెను. మొక్కను పచ్చదనముతో మాత్రమే కొలిచినందులకు ఫలమిది.

కనుక తీర్పు మొక్కకు అనుకూలముగనే చెప్పవలెను. ఉపాధ్యాయులు దీనిని బడిలోనే పరీక్షింపవచ్చును. ఇరువదేసి గింజలు మూడు వరుసలుగా విత్తుడు: ఒకటి ఉన్నవి ఉన్నట్లు, రెండవది రుద్దినవి, మూడవది వేడినీట నానినవి. రోజురోజు మొలకలను లెక్కించి వ్రాయుడు. బీడు మిగిలియున్నపుడే ఆ గింజలు ఏరి తెచ్చుకొనవలెను; ప్లాటు రాళ్ళు పాతిన పిమ్మట అచ్చట గింజ దొరకదు.