చూసింది రాయాలి, ఊహించింది కాదు

ఆఫీసు కంప్యూటర్లో ఉండకూడని బొమ్మో వీడియోనో కంటపడితే మన దగ్గర మూడు అలవాట్లు కనిపిస్తాయి. మొదటిది, ఎవరూ చూడకముందే తీసేసి సప్పుడు చేయకుండా ఉండటం. రెండోది, పక్క సీటాయన్ని పిలిచి చూపించడం. మూడోది, రేపెప్పుడైనా పనికొస్తుందని ఫోన్లో ఫొటో తీసి దాచుకోవడం. మొదటిది దయలా అనిపిస్తుంది, రెండోది చనువులా, మూడోది తెలివిలా. మూడూ తప్పే. మూడింటివల్లా ముందుగా నష్టపోయేది ఆ బొమ్మలో ఉన్న మనిషి.

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల ఆఫీసుల్లో కంప్యూటర్లు బాగుచేయడం, ఆపరేటర్లకు పని నేర్పడం నా వృత్తి. హార్డ్‌డిస్కు మార్చేటప్పుడు, పాత సిస్టం నుంచి కొత్తదానికి ఫైళ్లు ఎక్కించేటప్పుడు ఇలాంటివి బయటపడుతుంటాయి. నా దగ్గర పని నేర్చుకున్న కుర్రవాళ్లు ఫోన్ చేస్తారు. "అన్నా, చూసి ఊకోవాల్నా, ఎవరికన్నా చెప్పాల్నా?" అని అడుగుతారు. చెప్పాలి. అయితే ఎవరికి, ఏ మాటల్లో, ఏం ముట్టుకోకుండా చెప్పాలన్నది నేర్చుకోవాల్సిన పని. మదర్‌బోర్డు మార్చడం నేర్పినంత శ్రద్ధగా దీన్నీ నేర్పాలని నా నమ్మకం.

ముందు మన ఆఫీసుల తీరు చూద్దాం. ఈ మూడు జిల్లాలూ 2016 అక్టోబరు 11న ఏర్పడ్డాయి. జనగామ సమీకృత కలెక్టరేట్ 2022 ఫిబ్రవరిలో, మహబూబాబాద్‌లోది 2023 జనవరిలో ప్రారంభమయ్యాయి. భవనాలు కొత్తవయ్యాయి కానీ చాలాచోట్ల కంప్యూటర్ వాడే పద్ధతి పాతదే. ఒక సిస్టం, ముగ్గురు ఆపరేటర్లు, అందరికీ ఒకటే పాస్‌వర్డు, అది కూడా మానిటర్ అంచున అంటించిన చీటీ మీద. సార్ వాట్సాప్ వెబ్ తెరిచి మీటింగుకు వెళ్లిపోతారు. ఇంకొకరు పెన్‌డ్రైవ్ పెట్టి పాటలు ఎక్కించుకుంటారు. పక్క సెక్షన్ నుంచి ఒకరొచ్చి ప్రింటు తీసుకుపోతారు. జిరాక్స్ సెంటర్ల సంగతి మరీ ఘోరం. ఆధార్ కార్డు ప్రింటు కోసం వచ్చినవాళ్లు తమ వాట్సాప్ ఆ సిస్టంలోనే తెరుస్తారు. పని అయ్యాక లాగౌట్ చేయరు. సాయంత్రానికి డౌన్‌లోడ్స్ ఫోల్డర్లో ఊరందరి ఫొటోలూ పేరుకుపోతాయి.

ఇలాంటి సిస్టంలో ఒక ఫైలు దొరికితే, అది ఆ సిస్టంలో ఉందని మాత్రమే మనకు తెలుసు. ఎవరు పెట్టారో తెలియదు. ఆ కుర్చీలో రోజూ కూర్చునే మనిషి పేరు మన నాలుక మీదికి వెంటనే వస్తుంది. ఆగాల్సింది అక్కడే.

అమెరికాలోని మసాచుసెట్స్‌లో ఒక ప్రభుత్వ ఉద్యోగికి జరిగింది దీనికి సాక్ష్యం. ఆఫీసు ఇచ్చిన ల్యాప్‌టాప్‌కు డేటా బిల్లు తోటివాళ్లకన్నా నాలుగున్నర రెట్లు ఎక్కువ రావడంతో పైవాళ్లు తెరిచి చూశారు. పిల్లలపై లైంగిక హింసను చూపే చిత్రాలు కనిపించాయి. 2007లో ఉద్యోగం పోయింది, క్రిమినల్ కేసు పడింది. స్నేహితులు దూరమయ్యారు. లాయర్లకే రెండున్నర లక్షల డాలర్లు ఖర్చయ్యాయి. నిపుణులు పరీక్షించాక, ల్యాప్‌టాప్ నిండా వైరస్‌లు ఉన్నాయని, అవే మనిషి ప్రమేయం లేకుండా అలాంటి సైట్లను వరసగా తెరిచాయని తేలింది. 2008లో కేసు ఎత్తేశారు. అక్కడ మొదట చూసినవాళ్లు పైకి చెప్పడం తప్పు కాదు, అది వాళ్ల బాధ్యత. 'ఈ ల్యాప్‌టాప్‌లో ఉంది' అన్న మాట పరీక్ష పూర్తికాకుండానే 'ఇతను చేశాడు' అన్న మాటగా మారిపోవడమే తప్పు.

అందుకే నేను మావాళ్లకు పంచనామా లాగా రాయమని చెబుతాను. పంచనామాలో ఏది ఎక్కడ ఏ స్థితిలో ఉందో ఉంటుంది, తీర్పు ఉండదు. ఉదాహరణకు ఇలా: "ఫలానా తేదీ ఉదయం 11.20 గంటలకు, ఫలానా సెక్షన్‌లో ఈ నంబరు గల సిస్టంలో ప్రింటర్ డ్రైవర్ ఎక్కిస్తున్నాను. డౌన్‌లోడ్స్ ఫోల్డర్లో ఈ పేరున్న ఫైలు చిన్న బొమ్మగా కనిపించింది. అందులో ఉన్నది మైనర్ అని, దృశ్యం అసభ్యమైనదని నాకు అనిపించింది. ఫైలు తెరవలేదు. కాపీ చేయలేదు, తీసేయలేదు, ఎవరికీ పంపలేదు. ఆ సమయంలో గదిలో ఫలానా ఇద్దరు ఉన్నారు. 11.35కు ఫలానా అధికారికి తెలిపాను." అంతే. 'ఇది ఆయనదే అయి ఉంటుంది', 'ఆయన గురించి ముందే విన్నాం' లాంటి ఒక్క వాక్యం చేరినా రిపోర్టు ఆరోపణ అవుతుంది. ఆ ఊహ తప్పని తేలితే రిపోర్టులోని నిజం మీద కూడా నమ్మకం పోతుంది.

'తెరవలేదు, తీసేయలేదు' అని రాయగలగాలంటే నిజంగానే ముట్టుకోకుండా ఉండాలి. మనం ఫైలు తెరిచిచూసినా, వేరేచోటికి మార్చినా దాని తేదీల గుర్తులు చెదిరిపోవచ్చు. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమ్‌లోని 63వ సెక్షన్ ప్రకారం ఎలక్ట్రానిక్ ఆధారంతో పాటు ఇచ్చే సర్టిఫికెట్‌లో హాష్ విలువ కూడా ఉండాలి. ఫైలులో ఒక్క అక్షరం మారినా ఆ విలువ మారిపోతుంది. కాబట్టి సిస్టం ఆన్‌లో ఉంటే అలాగే ఉంచాలి, ఆఫ్‌లో ఉంటే ఆన్ చేయకూడదు. మరొకరు కూర్చోకుండా గదికి తాళం వేయాలి. మిగతాది పరీక్షించేవాళ్ల పని.

దొరికినవన్నీ ఒక్క రకం కావు. ఏ రకమో గుర్తిస్తే ఎవరికి చెప్పాలో తేలుతుంది.

మొదటి రకం, పెద్దవాళ్ల అశ్లీల సినిమా ఆఫీసు సిస్టంలో ఉందనుకుందాం. ప్రభుత్వ ఉద్యోగి అయితే 1964 నాటి ప్రవర్తనా నియమావళి కింద, ప్రైవేటు సంస్థ అయితే దాని నిబంధనల కింద వచ్చే విషయం. ఆఫీసు పెద్దకు రాతపూర్వకంగా తెలిపితే చాలు. దాన్ని ఒక మహిళా ఉద్యోగికి చూపించినా, ఆమె కంట పడేలా కావాలని తెరిచిపెట్టినా సంగతి మారుతుంది. అశ్లీల దృశ్యాలు చూపించడం లైంగిక వేధింపేనని, పనిచేసేచోట మహిళలపై లైంగిక వేధింపులను అరికట్టే 2013 నాటి చట్టం స్పష్టంగా చెప్పింది. పదిమంది, అంతకుమించి పనిచేసేచోట అంతర్గత కమిటీ ఉండి తీరాలి. అంతకన్నా చిన్న సంస్థలో పనిచేసేవాళ్లు, యజమాని మీదే ఫిర్యాదు ఉన్నవాళ్లు జిల్లా స్థాయి స్థానిక కమిటీకి వెళ్లవచ్చు. జరిగిన మూడు నెలల్లోగా ఫిర్యాదు ఇవ్వాలి, కారణం చూపితే మరో మూడు నెలలు గడువు పెంచవచ్చు. జిరాక్స్ సెంటర్లో, బట్టల షాపులో పనిచేసే ఆడపిల్లలకు ఈ కమిటీ ఒకటుందన్న సంగతే తెలియదు. వాళ్లకు చెప్పాల్సిన బాధ్యత మనది.

రెండో రకం, చాటుగా తీసిన ఫొటోలు. అదే ఆఫీసులో పనిచేసే మహిళవి కావచ్చు, పని మీద వచ్చిన ఆమెవి కావచ్చు. ఇది నేరం. ఐటీ చట్టం 66ఇ సెక్షన్ కింద మూడేళ్ల దాకా జైలుశిక్ష పడవచ్చు, భారతీయ న్యాయ సంహితలో 77వ సెక్షన్ కూడా ఉంది. నాకు అన్నిటికన్నా బరువుగా అనిపించేది ఈ రకమే. పోలీసుల దాకా పోవడం గురించి ఆలోచించేముందు ఆమెకు తెలియాలి. అందరికన్నా చివర, టీ బండి దగ్గర మాటగా ఆమె చెవిన పడితే, ఫొటో తీసినవాడు చేసిన గాయాన్ని మనం మరింత లోతు చేసినట్టే. ఆమెకు నమ్మకమున్న ఒక మహిళ ఆమెను ఒంటరిగా కూర్చోబెట్టి చెప్పాలి. నలుగురిలో చూపించకూడదు. అడుగు వేయాలా వద్దా, ఎప్పుడు, ఎవరితో కలిసి వేయాలన్నది ఆమె నిర్ణయం. ఆమె తరఫున మరొకరు కమిటీకి ఫిర్యాదు ఇవ్వాల్సివస్తే ఆమె రాతపూర్వక అనుమతి ఉండాలని నిబంధనలే చెబుతున్నాయి. మహిళా హెల్ప్‌లైన్ 181కు ఫోన్ చేసినా, జిల్లాలోని సఖి కేంద్రానికి వెళ్లినా ఆమెకు తోడు దొరుకుతుంది.

మూడో రకంలో మన ఇష్టాయిష్టాలకు చోటు లేదు. బొమ్మలో పిల్లలు ఉంటే చెప్పి తీరాలి. 2012 పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం నేరం జరిగిందని తెలిసిన ఎవరైనా పోలీసులకు తెలపాలి. 2020 నాటి పోక్సో నియమాలు ఇంకా స్పష్టంగా, ఇలాంటి దృశ్యాలు అందినవాళ్లు, ఎక్కడైనా ఉన్నట్టు తెలిసినవాళ్లు పోలీసులకో జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌కో చెప్పాలని, ఏ పరికరంలో కనిపించాయో వివరం ఇవ్వాలని అంటున్నాయి. తెలిసీ చెప్పకపోతే ఆరు నెలల దాకా, సంస్థ పెద్ద తన కింది ఉద్యోగి చేసిన నేరాన్ని చెప్పకపోతే ఏడాది దాకా జైలుశిక్ష పడవచ్చు. ఆఫీసు పరువు కోసం ఫైలు తుడిచేయించే అధికారులు ఈ సంగతి తెలుసుకోవాలి. బొమ్మలో ఉన్నది మైనరా కాదా అని తేల్చడం చూసినవాళ్ల పని కాదు, 'మైనర్ అనిపించింది' అని రాస్తే చాలు. ఆధారం పేరిట ఫోన్లోకి ఎక్కించుకోవడం మాత్రం అస్సలు వద్దు. అలాంటి దృశ్యాలను డౌన్‌లోడ్ చేసుకుని ఏకాంతంగా చూడటం నేరం కాదన్న మద్రాసు హైకోర్టు తీర్పును సుప్రీంకోర్టు 2024 సెప్టెంబరు 23న కొట్టివేసింది. పిల్లల హెల్ప్‌లైన్ 1098కు ఫోన్ చేయవచ్చు. సైబర్ క్రైమ్ పోర్టల్‌లో పేరు చెప్పకుండా ఫిర్యాదు చేసే వీలుంది.

దాచినా ఎక్కువకాలం దాగదు. పిల్లల దృశ్యాలు తమ సర్వీసుల్లో కనిపిస్తే అమెరికా కంపెనీలు అక్కడి ఎన్‌సీఎంఈసీ అనే సంస్థకు తెలుపుతాయి. 2019 ఏప్రిల్‌లో కుదిరిన ఒప్పందం ప్రకారం ఆ సమాచారం మన జాతీయ నేర రికార్డుల బ్యూరోకు, అక్కడి నుంచి రాష్ట్రాల పోలీసులకు చేరుతుంది. ఐపీ అడ్రసు పట్టుకుని వచ్చేవాళ్లకు ముందు కనిపించేది ఆఫీసు పేరు మీదున్న నెట్ కనెక్షన్. ఆ గంటలో ఆ సిస్టం ముందు ఎవరున్నారని అడిగితే, అందరిదీ ఒకే పాస్‌వర్డు అయినచోట అందరూ అనుమానితులే.

ఇక భయం సంగతి. మన ఆఫీసుల్లో ఇలాంటివి ముందు చూసేది తరచుగా అవుట్‌సోర్సింగ్ ఆపరేటరు. ఏడాదికోసారి రెన్యూవల్ కోసం ఎదురుచూసే మనిషి. సదుద్దేశంతో సమాచారం ఇచ్చినవాళ్ల మీద సివిల్, క్రిమినల్ బాధ్యత ఉండదని పోక్సో చట్టం 19వ సెక్షనే హామీ ఇస్తోంది. అది మంచి హామీ, కానీ రెన్యూవల్ సంతకం చట్టం చేతిలో ఉండదని ఆ ఆపరేటరుకు తెలుసు. అందుకే నోటిమాటగా చెప్పవద్దంటాను. కాగితం మీద రాసి, కవరులో పెట్టి అతికించి, పైన 'కాన్ఫిడెన్షియల్' అని రాసి ఇన్‌వార్డులో ఇవ్వాలి. లోపలి సంగతి రిజిస్టరుకు ఎక్కదు, కవరు ముట్టినట్టు నంబరు మాత్రం చేతికొస్తుంది. అనుమానం ఆఫీసు పెద్ద మీదే అయితే ఆయనకు ఇవ్వనక్కర్లేదు, నేరుగా పోలీసులకే వెళ్లాలి. జనగామ వరంగల్ కమిషనరేట్ కిందికి వస్తుంది, మిగతా రెండు జిల్లాలకు ఎస్పీలు ఉన్నారు. పరిధి మాది కాదని ఏ స్టేషన్ కూడా తిప్పిపంపకూడదు, జీరో ఎఫ్ఐఆర్ ఉంది.

సరైన చోట చెప్పడం ఎంత ముఖ్యమో బ్రిటన్‌లో తేటతెల్లమైంది. 2008లో పార్లమెంటు సభ్యుడు డామియన్ గ్రీన్ ఆఫీసులో వేరే కేసు మీద సోదా చేసిన పోలీసులకు కంప్యూటర్లో అశ్లీల చిత్రాలు కనిపించాయి. అవి చట్టవిరుద్ధమైనవి కావు. తొమ్మిదేళ్ల తర్వాత, ఆయన ప్రధాని తర్వాతి స్థానంలో ఉన్నప్పుడు, రిటైరైన పోలీసు అధికారులు ఆ సంగతి మీడియాకు చెప్పారు. అవి తాను డౌన్‌లోడ్ చేయలేదనే ఆయన చెబుతూ వచ్చారు. వాటి గురించి తనకు తెలిసిందేమిటన్న విషయంలో తప్పుదోవ పట్టించే మాటలు చెప్పినందుకు 2017 డిసెంబరులో పదవి వదులుకోవాల్సి వచ్చింది. ఆ అధికారుల తీరును లండన్ పోలీసు కమిషనరే తప్పుపట్టారు. విధిలో చూసిన రహస్యాన్ని రిటైరయ్యాక కూడా కాపాడాలన్నది ఆ కమిషనర్ మాట. ఏళ్ల తరబడి దాచి, అదును చూసి బయటపెడితే నిజం కూడా ఆయుధంగానే కనిపిస్తుంది.

నమ్మకమైన చోటు లేనప్పుడు ఏమవుతుందో మనవైపే చూశాం. 2024 ఆగస్టు చివర కృష్ణా జిల్లా గుడ్లవల్లేరు ఇంజనీరింగ్ కళాశాలలో అమ్మాయిల హాస్టల్ బాత్రూంలో రహస్య కెమెరాలున్నాయన్న మాట పుట్టి, విద్యార్థులు రాత్రంతా ఆందోళన చేశారు. పోలీసులు వెతికి కెమెరాలు దొరకలేదన్నారు. ఆ పిల్లల కోపాన్ని నేను తప్పుపట్టను. తన అనుమానాన్ని గౌరవంగా విని, రాసుకుని, ఏం చేశారో తిరిగొచ్చి చెప్పే మనిషి ఒకరుంటారన్న నమ్మకం ప్రతి హాస్టల్లో, ప్రతి ఆఫీసులో ఉండాలి.

ఈ మూడు జిల్లాల ఆఫీసు పెద్దలను అడిగేది ఇదే. ఒక్కొక్కరికీ వేరు లాగిన్ ఇవ్వండి. మానిటర్ మీది చీటీ తీసేయండి. ఇలాంటివి కనిపిస్తే ఎవరికి చెప్పాలో పేరు, ఫోన్ నంబరు, 181, 1098 గోడ మీద పెట్టండి. చెప్పినవాళ్ల పేరు బయటికి రాదని నోటితో కాదు, సర్క్యులర్‌తో హామీ ఇవ్వండి. ఆపరేటరు తమ్ముళ్లకు, చెల్లెళ్లకు చెప్పేది ఒక్కటే. బొమ్మలో ఉన్న పిల్లకు మన ఆఫీసు పరువుతో పనిలేదు, మన అనుమానాలతోనూ పనిలేదు. చూసిన మనిషి ఒక పేజీ సరిగ్గా రాసి సరైన చేతికి ఇస్తేనే ఆమెను వెతికే పని మొదలవుతుంది. ఆ పేజీ రాయడానికి పెద్ద హోదా అక్కర్లేదు, మీరు చాలు.